తూదా తెచ్చిన బ్రేకు రబ్బర్లు

ఇలా దగ్గరికి జరగండమ్మా, ఆ టీ గ్లాసులు పక్కన పెట్టి వినండి! తారూదాంత్ పట్నం పైన మా కొండ ఊళ్లో, మా గోడకు ఆనుకున్న ఇంట్లో జరిగిందిది.

తూదా కూతురు తిలీలాకి ఊళ్లో చదువు అయిపోయింది. పెద్దబడి కొండ కింద పట్నంలో ఉంది. తెల్లారితే బడి తెరుస్తారు... పోవడానికి ఉన్నది తాతగారి పాత సైకిలొక్కటే! చూస్తే దాని బ్రేకు రబ్బర్లు అరిగి ఇనుము బయటపడింది.

“బ్రేకు లేకుండా ఆ దిగుడులో పిల్లని పంపను! సాయంత్రానికి బ్రేకు పడితే బడి, లేదంటే మేకల వెంట!” అన్నాడు తండ్రి హమ్మూ.

“ఆ మేకలేవో ముందే అప్పజెప్పి ఉంటే ఈ గోలే లేదు,” అని ఎత్తిపొడిచింది హమ్మూ తల్లి, తూదా అత్త యామ్నా.

తూదా కళ్లు నిండాయి. అరిగిన రబ్బరొకటి ఊడదీసి కొంగున ముడేసుకుని ఆదివారం సంతకు పరుగెత్తింది!

సైకిలు కొట్టువాడు దాన్ని చూసి నవ్వాడు. “నా దగ్గరున్నవి చక్రాన్ని పక్కలనుంచి నొక్కేవమ్మా. నీది కడ్డీ బ్రేకు, చక్రం అంచుని లోపలినుంచి పైకి లాగి పట్టాలి. అలాంటివి మా నాన్న కాలంతోనే పోయాయి!” రెండో కొట్టువాడూ అంతే. సంత సర్దేస్తున్నారు! చివరికి తుప్పు సామాన్లు పరుచుకున్న ముసలాయన ముందు కూలబడి, కుళాయిలూ తాళాలూ కెలికేసింది. ఒక డబ్బా అడుగున... అవే! అదే మందం, అదే మరచుట్టు! రెండు చక్రాలకూ సరిపోను!

“ఏడుస్తూ నవ్వే మనిషితో బేరమెట్లా ఆడేదమ్మా? ఉన్నది ఇచ్చి పో!” అన్నాడాయన.

హమ్మూ బిగించాడు. వాకిట్లో తొక్కి బ్రేకు నొక్కితే, చక్రం సర్రున జారి సైకిలు పోయి కోళ్లగూటిని గుద్దింది!

“చూశావా? తుప్పు సరుకు!” అని అరిచాడు. తిలీలా ఏడుపు లంకించుకుంది.

యామ్నా నెమ్మదిగా వచ్చి, చక్రం అంచు మీద వేలు రాసి వాసన చూసింది. “ఒసే తూదా! దీనికేం రాశావే?”

“ఆర్గాన్ గింజల నూనె అత్తా... పిల్ల సైకిలు నలుగురిలో మెరవాలని...”

“రొట్టె నంజుకునే నూనె చక్రానికి పూస్తే జారక ఛస్తుందా, పిచ్చి మొహమా!” అని పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు చటుక్కున ఆగింది. “ఏ నూనే అది? గింజలు కొట్టినందుకు నీకొచ్చిన వాటాదా?”

తూదా తల వంచింది. యామ్నా ఆమె చేతులు తిప్పి చూసింది. గింజలు పగలగొట్టి పగలగొట్టి కాయలు కాసిన వేళ్లు! “నీ నోటికి చుక్కైనా వేసుకోలేదటే, తల్లీ...” ఆ ఇంట్లో కోడలిని ఆవిడ తల్లీ అనడం అదే మొదలు!

ఇంక ఆగిందా మనిషి! బూడిద తెప్పించింది, వేణ్ణీళ్లు పోయించింది, చక్రాలు తోమింది, రబ్బర్లు రాతి మీద గీకింది. మనవరాలిని సీటెక్కించి, తనేమో వెనక క్యారియరు మీద కూర్చుంది!

“అమ్మా, దిగు! వయసేంటి నీది?” హమ్మూ హ్యాండిలు పట్టుకున్నాడు.

“బ్రేకు పట్టకపోతే పిల్లతో పాటు పడేది నేనూ. పట్టిందా, ఈ పిల్ల బడికి నువ్వు అడ్డు రాకు! తొక్కవే తిలీలా!”

ఊరంతా గోడలెక్కింది! దిగుడులో దుమ్ము లేచింది... తూదా కళ్లు మూసుకుంది... వాగు మలుపు దగ్గర కీచుమని చప్పుడు. తరువాత నిశ్శబ్దం.

కిందినుంచి యామ్నా గొంతు ఖంగుమంది. “తూదా! రేపు పిల్లకి రొట్టెలోకి ఏం కడతావే?”

తూదా ఏడ్చిన ఏడుపు మా ఇంటిదాకా వినబడింది. హమ్మూ సైకిలు తోసుకు రావడానికి తనే కిందికి పరుగెత్తాడు.

గుర్తుపెట్టుకోండమ్మా. మీ పిల్లలకి చెప్పేటప్పుడు తూదా పేరు చెప్పండి, యామ్నా పేరూ వదలకండి!