నల్లా కాడి పచ్చకొంగు

గోకుంద ఊర్ల శాంతాబాయికి అన్యాయం జరిగింది తొంభై ఆరు ఎండకాలంల. నల్లా కాడ లైన్ల ముందున్న ఆమెను నెట్టేసి, ఎన్కున్నోళ్లు నీళ్లు పట్టుకున్నరు. కట్టుకున్న పచ్చచీరతోని, ఖాళీ బిందెతోని పాత బావికి పోయింది... మళ్ల రాలే. "అయ్యో పాపం" అనెతందుకు మాత్రం ఊరంత లైన్ కట్టింది.

అప్పటిసంది, తాళమేసిన ఆమె ఇంటి గోడకున్న ఆ నల్లా కాడికి చీకట్ల ఎవ్వరు ఒంటరిగ పోరంటరు.

ఉమాబాయికి పోక తప్పలే. నీళ్లు అచ్చేది అయిదు దినాలకోసారి, తెల్లారగట్ల అయిదింటికి, అదీ అరగంట. ఇంట్ల చూస్తే బాలింత కోడలు, పసిగుడ్డు... గోళెంల చెంబెడు నీళ్లు లెవ్వు.

ఆరు బిందెలు తోపుడుబండిల పెట్టుకొని పోయింది. చలి ఎముకలు కొరుకుతున్నది.

టప్... టప్...

ఎవ్వరు విప్పని నల్లా కారుతున్నది! దాని పక్కన, గోడకు ఆనుకొని — ఒక ఆకారం. ముక్కు లేదు, మూతి లేదు. పచ్చకొంగు మాత్రం ఊగుతున్నది...

బండి ఆగింది. నోరు ఆగలే.

"శాంతక్కా," గుసగుసగ అన్నది, "నిన్ను నెట్టిననాడు నేనింక ఈ ఊరికి కాపురానికే రాలే. నా మీద పడకు. ఇంట్ల పసిగుడ్డున్నది..."

ఎన్క నుంచి — దగ్గు! టార్చి ఎలుగు!

"భయపడకు వదినా, నేనే." ఫౌజ్‌ల రిటైరై, మొన్ననే ఎన్కింట్ల కిరాయికి దిగిన రామదాస్. "ఆ పైపు చుట్టింది నేనే. లద్దాఖ్‌ల చలికి నీళ్లు గడ్డకట్టి పైపులు పగుల్తయ్. అందుకే గోనెసంచి చుట్టాలె, నల్లా జర కారనియ్యాలె."

ఉమాబాయికి పోయిన పానం తిరిగచ్చింది, నోరు దానికన్న ముందచ్చింది.

"ఓ ఫౌజీ మరిదీ! గోకుంద చలికి గడ్డకట్టేది కొబ్బరినూనె ఒక్కటే. అయిదు దినాలకోసారి అచ్చే నీళ్లను కారనిస్తవా?" నల్లా కింద బిందె పెట్టింది. "సంచులు చుడితే చుట్టినవ్, పైనించి ఆడోళ్ల పచ్చచీరెందుకు? జనాన్ని చంపుతవా?"

రామదాస్ పైపు మీద టార్చి కొట్టిండు. గోనెసంచులు, సుతిలి తాడు. అంతే.

"చీరేంది వదినా?... నా ఇంట్ల ఆడోళ్లే లేరు."

పదహారేండ్లు సరిహద్దు కాసిన మనిషి, టార్చి ఆర్పకుండనే ఇంట్లకు ఉరికిండు. ఉమాబాయి కదలలే — బిందె ఇంక నిండలే మరి.

నీళ్లచ్చిన దినం క్యాలెండర్ మీద రాసుకునుడు ఆమెకు అలవాటు. ఆ రాత ఇప్పటికీ ఉన్నదట: "2024 జనవరి 9. ఆరు బిందెలు నిండినయ్. ఇంటికి తెచ్చింది అయిదు. ఒకటి శాంతక్క వంతు."