ముందు ఫోటోలో మొటిమలేవీ?

“ఈ రెండింట్లో ఏది మందు వాడకముందు, ఏది వాడాక? చెప్పండి చూద్దాం!”

స్టూడియోలోకి సుడిగాలిలా దూసుకొచ్చిన అమ్మాయి రెండు ఫోటోలు బల్ల మీద పడేసింది. వేప, కలబంద, పసుపు నూరి మొటిమలకు లేపనం తయారుచేస్తుంది. వంటింట్లో ఆమె గిన్నెల మధ్య పోపు వేసుకోవడానికి చోటు లేదని వాళ్లమ్మ రోజూ ఒకటే గోల.

ఫోటోగ్రాఫర్ కుర్రాడు చూశాడు. రెండు మొహాలూ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఎవరి ఫోటోలోనైనా మొటిమలు చెరిపేయడం అతని చేతికి పట్టిన అలవాటు. వాడకముందు ఫోటోలోవి కూడా శుభ్రంగా చెరిపేశాడు, మహానుభావుడు!

“అసలు ఫోటో లేదా?”

“దాచలేదండీ.”

“ఆ ఫోటోలో పిల్లకి మొటిమలు తగ్గిపోయాయి. మళ్లీ తెప్పించమంటారా? ఆరు వారాల్లో మందుల షాపావిడ వస్తోంది. రుజువు చూపిస్తేనే అమ్మకానికి పెడుతుందట. లేకపోతే ఇవన్నీ కట్టిపెట్టి ఉద్యోగం చూసుకోమంది మా అమ్మ. నా రెండేళ్ల కష్టమండీ!”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి కుర్రాడు కరిగిపోయాడు.

“నా మొహం వాడుకోండి” అనేశాడు.

ఆమె దగ్గరికొచ్చి, బుగ్గలు అటూ ఇటూ తిప్పి లెక్కపెట్టింది. “పద్నాలుగు! అబ్బ, ఎంత బాగున్నాయో!”

పుట్టి బుద్ధెరిగాక అతని మొటిమల్ని మెచ్చుకున్నవాళ్లు లేరు. కుర్రాడు అక్కడే పడిపోయాడు.

ఈసారి ఏదీ చెరపకుండా ఫోటో తీసుకున్నాడు. ప్రతి శనివారం వాళ్లింటికెళ్లి మొహం చూపించడం, కొత్త డబ్బా తెచ్చుకోవడం. మూడు వారాలు గడిచాయి. పద్నాలుగు కాస్తా పంతొమ్మిదయ్యాయి.

ఆమె స్టూలు మీద కూలబడింది. “ఇంక మూసేస్తానండీ. నా లేపనం పనిచెయ్యదు.”

కుర్రాడు సంచిలోంచి మూడు డబ్బాలు తీసి ముందు పెట్టాడు. ఒక్కదానికీ మూత తియ్యలేదు.

“తగ్గిపోతే మీ ఇంటికి రావడానికి నాకు వంకేం ఉంటుందండీ? అందుకని...”

“అందుకని మొటిమలు పెంచుకున్నారా?”

“రోజూ ఎరువేసి మరీ. నూనెలో వేయించినవన్నీ తిన్నాను. మీరంటే నాకు ప్రాణమండీ.”

ఆమెకు కోపమూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. చేతిలోని తువ్వాలు తీసి అతని మొహాన కొట్టింది.

“బుద్ధుందా నీకు? పద, మొహం కడుక్కో ముందు!”

మీరు పోయి నువ్వు వచ్చేసింది. అది కోపమో, మరింకేమిటో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రమూ ఆమే స్టూడియోకొచ్చి, ఎదురుగా నిలబడి లేపనం రాయించింది. కస్టమర్లు వస్తే పచ్చమొహంతోనే ఫోటోలు తీశాడు.

మందుల షాపావిడ వాళ్లింటికి రానే వచ్చింది. ఫోటో చూసి, కుర్రాడి మొహం చూసి, కళ్లజోడు సవరించుకుని మళ్లీ చూసింది. మూడు మొండివి తప్ప అన్నీ అణిగిపోయాయి.

“బాగుందమ్మా. ఇరవై డబ్బాలు పంపు, చూద్దాం. ఇంతకీ ఈ అబ్బాయి నీ కస్టమరా?”

“కాదండీ” అంది ఆమె తొణక్కుండా. “నేను పెళ్లి చేసుకోబోయేవాడు.”

కుర్రాడు నోరు తెరిచాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

“నాకూ ఇప్పుడే తెలిసింది” అంటూ వంటింటి గుమ్మంలోంచి వాళ్లమ్మ వచ్చింది. అతన్ని ఎగాదిగా చూసింది. “నిలబడ్డావేం బాబూ, కూర్చో. మీ అమ్మగారి ఫోన్ నంబరు చెప్పు.”