ఎర్ర అంకె మీది ప్రకటన

సెల్వలక్ష్మిని ఒక చీరల ప్రకటన చంపింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఆమె కోవిల్‌పట్టిలోని ఒక అగ్గిపెట్టెల యూనిట్‌లో ఎండబెట్టే గది వేడిని కంప్యూటర్‌లో చూసేది. వేడి ఎనభై దగ్గరికి వస్తే అంకె ఎర్రబడుతుంది. ఆమె స్టాప్ నొక్కుతుంది. ఆ రోజు బ్రౌజర్‌లో ఆ అంకె మీదికి ప్రకటన వచ్చి కూర్చుంది. మూసినా మళ్లీ వచ్చింది. పక్కనే ఆమె కూర్చున్న గదితో సహా అది పేలింది. ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ ప్రమాదమని రాసి ఫైలు కట్టేసింది. అదే డిపార్ట్‌మెంట్‌లో పదహారేళ్లుగా సీక్రెట్ ఏజెంట్ ఆమె భర్త పాండియరాజన్.

నాలుగు నెలల తర్వాత, ఉదయం పదకొండు ఇరవైకి, విరుదునగర్‌లో ఒక పప్పు మిల్లు వెనక గదిలో చీఫ్ కాళియప్పన్ అతడికి కుర్చీ చూపించాడు.

"అది ప్రమాదం కాదప్పా. ఇప్పుడు తెలిసింది."

"నాకు ఆ దినమే తెలుసు. మీకు చెప్తిని గదా."

"విదేశీ రింగ్. లైటర్లు అమ్మేవాళ్ల మనుషులు. మన ఊళ్ల అగ్గిపెట్టె యాపారం చావాల, అంతే. ఆయుధం ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్. పేరు కూపన్ కాటన్. నీ ఇంటామె మీద టెస్ట్ చేసినారు. ఈ దినం పన్నెండుకు అసలు పని."

"ఎక్కడ?"

"అదే యూనిట్. గది మళ్లీ కట్టినారు. ఇప్పుడు దాని వేడిని ఈడ విరుదునగర్ ఆఫీసులో చూస్తా ఉండారు. ఆ ఆఫీసు ఈ పొద్దున రింగ్ చేతికి పాయె. లోపల ఎనబై మంది ఆడోళ్లు. నీ మరదలు ముత్తులక్ష్మి కూడా."

"పోన్ చేసి బయటికి పిలవండి."

"నిప్పు తావు గదా, పోన్లు గేటు కాడనే పెట్టించుకుంటారు. వాచ్‌మన్ ఎత్తడం లేదు. వాణ్ణి కొనేసినారు. పోలీసును పంపితే రింగ్ ముందే వేడి ఎక్కిస్తుంది."

మూలలో సంగవి నిలబడి ఉంది. నల్లద్దాలు, పట్టుచీర, ఖరీదైన సెంటు. సైబర్ సెల్‌లో ఆమెను మించినవాళ్లు లేరు.

"రెండు నిమిషాల పని అన్నా," అంది. "నువ్వు తలుపు తెరిపిస్తే సాలు."

పాండియరాజన్ కడలై మిట్టాయి, అంటే వేరుశనగ చిక్కీ, అమ్మేవాడి వేషంలో రేకు డబ్బా పట్టుకుని ఆఫీసు తలుపు తట్టాడు.

"మిట్టాయి ఎన్నాళ్లు నిలుస్తుంది?" లోపలినుంచి గొంతు.

"వాన పడకుంటే నలబై దినాలు."

రింగ్ కోడ్ వర్డ్ అది. సంగవి సంపాదించింది. తలుపు తెరుచుకుంది. అతడు డబ్బా అంచుతో కాపలావాడి గొంతు మీద కొట్టాడు. పడ్డాక మరోసారి కొట్టాడు. రెండోవాడు కత్తితో వచ్చాడు. వాడి మణికట్టును తలుపు సందులో పెట్టి తలుపు మూశాడు. ఎముక విరిగింది. అదే కత్తి వాడి పక్కటెముకల్లో దిగింది.

ఆపరేటర్ వేల్‌మురుగన్ కుర్చీలోనే ఉన్నాడు. మెడకు ఛార్జర్ వైరు బిగించి ఉంది. ప్రాణం లేదు. స్క్రీన్ మీద అంకె ఉండాల్సిన చోట చీరల ప్రకటన.

వెనకే లోపలికొచ్చిన సంగవి శవాన్ని పక్కకు తోసి ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరిచింది. కూపన్ కాటన్ పక్కన రిమూవ్ నొక్కింది. ప్రకటన పోయింది. అంకె కనిపించింది. నలభై ఒకటి.

"సల్లగా ఉండాది. పోతాము రా అన్నా."

పదకొండు యాభై నాలుగు. పాండియరాజన్ కదల్లేదు. నాలుగు నెలలు అతడు ఈ ఒక్క విద్యే నేర్చుకున్నాడు. ఇలాంటిది ఒంటరిగా రాదు. అడగని ఉచిత ప్రోగ్రామ్ ఏదో దాన్ని మోసుకొస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ను వదిలేస్తే మళ్లీ మొలిపిస్తుంది. అగ్గిపుల్లల చట్రం ఒకటి అంటుకుంటే పక్క చట్రాలు కూడా లాగేస్తారు. యూనిట్‌లో చేరిన మొదటి రోజే ఎవరికైనా అది నేర్పుతారు. సైబర్ సెల్‌లో అందరినీ మించినదానికి ఆ పాటి తెలియకుండా ఉండదు. పైగా నలభై ఒకటి నలభై ఒకటిగానే నిలబడి ఉంది. నిజమైన వేడి అలా నిలబడదు.

"కంట్రోల్ ప్యానెల్ తెరువు, సంగవీ."

ఆమె అద్దాలు తీసింది. "పల్లె బడిలో సదివినోడివి. ఇదంతా నీకెందుకన్నా?"

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ వచ్చింది. గుండు అతడి ఎడమ భుజంలో దిగింది. అతడు ఆమె జుట్టు పట్టి తలను బల్ల అంచుకు కొట్టాడు. పిస్టల్ జారింది.

"సెల్వలక్ష్మి సిస్టమ్‌లో పెట్టిందీ నేనే," అంది ఆమె, నోట్లో రక్తంతో. "కూపన్లు వస్తాయంటే ఎంత సంతోషపడిందో పాపం. నాకు కాఫీ కూడా ఇచ్చె."

అతడు మళ్లీ కొట్టాడు. ఆ తర్వాత ఆమె లేవలేదు.

పదకొండు యాభై ఎనిమిది. కంట్రోల్ ప్యానెల్‌లో ఎవరూ అడగని పీడీఎఫ్ కన్వర్టర్ ఒకటి, మూడు రోజుల కిందట దిగింది. అన్‌ఇన్‌స్టాల్. నిజంగా తీసేయాలా అని అడిగింది. రక్తపు వేలితో అవునని నొక్కాడు. అప్పటికే కూపన్ కాటన్ మళ్లీ మొలిచి ఉంది. తీసేశాడు. బ్రౌజర్ సెట్టింగులు రీసెట్ చేశాడు. పేజీ మళ్లీ తెరిచాడు.

డెబ్భై తొమ్మిది. ఎరుపు.

స్టాప్ నొక్కాడు. అంకె ఆగింది, వణికింది, డెబ్భై ఎనిమిదికి దిగింది. గోడ గడియారంలో పన్నెండుకు తొమ్మిది సెకన్లు.

సాయంత్రం ఆసుపత్రికి ముత్తులక్ష్మి వచ్చింది. "హీటర్ చెడిపోయిందని మేస్త్రి మమ్మల్ని తిట్టినాడు బావా. సగం దినం పని పాయె. నీ బుజానికేమాయె?"

"మెట్ల మీద జారితిని."

ఆమె వెళ్లాక కాళియప్పన్ లోపలికొచ్చాడు. "మెడల్ ఇస్తారంట. సెల్వలక్ష్మి ఫైలు కూడా తిరగరాస్తాము. ఢిల్లీకి వచ్చి అంతా చెప్పాల."

"బుజంలో దిగిన లోహం సాలు సార్. మెడల్ మీరే పెట్టుకోండి." పాండియరాజన్ గోడవైపు తిరిగాడు. "నేను చెప్పినప్పుడు మీరు వినలేదు. ఇంగ ఆమె పేరు మీ ముందర ఎత్తను. ఎవరి ముందరా ఎత్తను."