ఓర్విల్ గురి

సోమవారం. జింకల వేట సీజన్ మొదటి రోజు. ఉదయం 7:10.

డెన్వర్ కాగిల్ ఎండుటాకుల మీద బోర్లా పడి ఉన్నాడు. ఆరెంజ్ జాకెట్‌కి, సరిగ్గా వెన్ను మధ్యలో, ఒక్క చిల్లు.

నూట ఇరవై గజాల అవతల అతని అన్న ఓర్విల్ కూలబడి ఏడుస్తున్నాడు. పక్కన సింగిల్‌షాట్ రైఫిల్.

"జింకకే గురి పెట్టానయ్యా! తూటా పక్కకి పోయింది. ఈ దరిద్రపు తుపాకీ సంగతి మీకు తెలీందేముంది?"

తెలుసు. మా వెస్ట్ వర్జీనియా కొండల్లో అది తెలియనివాడు లేడు. ముప్పై ఏళ్ళ కిందట కొట్లో అన్నిటికంటే చవకది ఏరుకుని మరీ కొన్నాడు ఓర్విల్. ఇంతవరకూ ఒక్క జింక పడలేదు. ఏటా నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండగ భోజనంలో టర్కీ కోడిని కోస్తూ డెన్వర్‌ది ఒకటే జోకు.

"ప్రాణం మీద తీపి ఉంటే మా అన్న గురి పెట్టిన చోటే నిలబడండి. తూటా అక్కడికి మాత్రం రాదు!"

అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు. ఓర్విల్ కూడా నవ్వేవాడు. నవ్వక చస్తాడా?

బుధవారం, 11:20. ల్యాబ్ నుంచి వచ్చిన టార్గెట్ కాగితాన్ని షెరిఫ్ బోగ్స్ డిటెక్టివ్ వర్నా టాకెట్ ముందు పడేశాడు.

"డెన్వర్‌కి తగిలిన తూటా ఆ రైఫిల్‌దే. ల్యాబ్‌వాళ్ళు దాంతో ఐదు తూటాలు కాల్చి చూస్తే జానెడు మేర చెదిరాయి. యాక్సిడెంటే. రేపు పండగ. సాయంత్రంలోగా ఫైలు మూసెయ్యి."

వర్నా కాగితాన్ని వెలుగులో పెట్టి చూసింది.

"చెదిరాయి, సరే. అన్నీ ఎడమవైపు కిందికే పడ్డాయేం?"

"చవక తుపాకీ కదా."

"చవకదైతే గురి చుట్టూ నాలుగువైపులా చెదరాలి. సీజన్ ముందు తుపాకీ మీద గురి చూసే స్కోపు సరిచేసుకోకుండా అడవికెళ్ళే మగాడు ఈ కౌంటీలో ఉన్నాడా?"

షెరిఫ్ కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు.

"స్కోపు సరిచేశాక తుపాకీలో ఏదో మారింది సార్."

ల్యాబ్ నుంచి తిరిగొచ్చిన రైఫిల్‌ని వర్నా బల్ల మీద పెట్టి, స్క్రూ విప్పి, బారెల్ కింద చేత్తో పట్టుకునే చెక్కను ఊడదీసింది. లోపల స్క్రూ రంధ్రం చుట్టూ గుండ్రటి నల్లటి మరక. చొక్కా గుండీ అంత.

12:40. డెన్వర్ భార్య లవేడా వంటింట్లో ఉంది. ఇరుగుపొరుగు తెచ్చిన పండగ తీపి వంటకాలు, గుమ్మడి పైలు, బల్ల మీద అలాగే ఉన్నాయి.

"ఓర్విల్ రైఫిల్‌ని ఈమధ్య ఎవరైనా, మీ ఆయనగానీ, బాగుచేశారా?"

"చేశాడు. కొళాయికి వేసే రబ్బరు రింగు ఒకటి పెట్టాడు. ఏమ్మా?"

"ఇంతవరకూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు? వచ్చినవాళ్ళంతా బావగారి గురి గురించి నాకు చెప్పి పోతున్నారు."

సొరుగులోంచి రింగుల పొట్లం తీసి ఇచ్చింది. అందులో ఒక రింగు తక్కువ.

2:15. వర్నా ఓర్విల్ రైఫిల్‌కి ఒక రింగు బిగించి కొత్త టార్గెట్ కాగితం మీద మూడు తూటాలు కాల్చింది. మూడూ నడిబొడ్డున పడ్డాయి. పైన పావు డాలరు బిళ్ళ పెడితే మూడు చిల్లులూ మూసుకుపోయాయి.

4:00. అదే వంటిల్లు. ఓర్విల్‌ని పిలిపించారు. షెరిఫ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. వర్నా రెండు కాగితాలూ బల్ల మీద పరిచింది.

"ఆ చెక్క బారెల్‌ని ఒక్కోసారి ఒక్కోలా ఒత్తుతుంది. మధ్యలో రింగుంటే ఒత్తదు, తూటా గురి పెట్టిన చోటికే పోతుంది. మీ స్కోపు రింగున్న తుపాకీకి సరిచేసింది ఓర్విల్ గారూ. మేం వచ్చేసరికి రింగు లేదు. ఏమైంది?"

"ఊడిపోయుంటుందమ్మా."

"స్క్రూ విప్పకుండా ఊడదు. పొరపాటున తమ్ముణ్ణి కొట్టినవాడు పరిగెత్తుకుంటూ తమ్ముడి దగ్గరికి పోతాడు. కూర్చుని స్క్రూ విప్పడు."

ఓర్విల్ మూడు చిల్లులున్న కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. ఒక్కసారిగా గట్టిగా అరిచాడు.

"ఒక్క రబ్బరు రింగు! ముప్పై ఏళ్ళు నలుగురిలో నన్ను వెధవని చేసి, చివరికి నవ్వుతూ వచ్చి పది నిమిషాల్లో బాగుచేశాడు! వాడికి మొదట్నుంచీ తెలుసు. తెలిసీ నన్ను నవ్వులపాలు చేశాడు!"

లవేడా పొయ్యి దగ్గర్నుంచి తిరిగింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఆయనకి తెలీదు బావగారూ. ఈ సెప్టెంబర్‌లో తెలిసింది. కిందటేడు పండక్కి మీరు భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయారు చూడండి, ఆ రోజు నుంచీ ఆయనకి తిండి సయించలేదు. పక్క కౌంటీలో తుపాకులు బాగుచేసే ముసలాయన్ని పట్టుకుని నేర్చుకొచ్చాడు. రేపు అందరి ముందూ ఆ జోకు మానేస్తానని చెప్పాలనుకున్నాడు."

కోపం దిగిపోయిన ఓర్విల్ ముఖంలో ఇంకేమీ మిగల్లేదు. షెరిఫ్ బేడీలు వేశాడు. గుమ్మం దాటబోతూ ఓర్విల్ ఆగాడు.

"ఆ ముసలాయన దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాడు?"

లవేడా మళ్ళీ పొయ్యివైపు తిరిగింది.

"ఆరుసార్లు," అంది.