పట్టీ తీయని ఫొటో

"ముక్కు రంధ్రాలు మాత్రం అద్భుతంగా వచ్చాయండీ. మీరు ముక్కు డాక్టరా?"

ఫొటోలు ప్రింటు చేసే ల్యాబులో, కౌంటరు వెనకున్న అమ్మాయి కంప్యూటరు మీంచి చూపు తిప్పకుండానే అడిగింది. తెర మీద ఏడాది పిల్లాడు. ముక్కు ఒక్కటే స్పష్టంగా ఉంది. మిగతా మొహమంతా పొగమంచు.

"కాదండీ. కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను," అన్నాడు కౌంటరు ఇవతల నిలబడ్డ కుర్రవాడు.

ఆమెకు నవ్వాగలేదు. "ఊళ్లోవాళ్ల చూపు సరిచేసే మీకు ఫోకస్ చెయ్యడం రాదా!"

ల్యాబులో అందరూ ఆమెను కత్తెర అంటారు. ప్రింట్లు కత్తిరించేదీ ఆమే, మనుషుల్ని కత్తిరించేదీ ఆమే. కెమెరా కొన్న ప్రతివాడూ ఫొటోగ్రాఫర్‌నని చెప్పుకు తిరగడం చూస్తే ఆమెకు ఒళ్లుమంట. ఐదేళ్లుగా వాళ్లందరి తప్పులూ కంప్యూటరులో దిద్దీ దిద్దీ, ఈ లోకంలో తన కంటికి ఆనేది ఇక ఏదీ లేదని తేల్చేసుకుంది.

కుర్రవాడు పిల్లల ఫొటోలు తీయడం అప్పుడే మొదలుపెట్టాడు. చుట్టాల పిల్లలు, పక్కింటి పిల్లలు, ఎవరు దొరికితే వాళ్లు. ప్రతి శనివారం పెన్‌డ్రైవ్ పట్టుకుని దిగేవాడు. ఆమె ఉతికి ఆరేసేది.

"ఈ పాప తల వెనక మొక్క చూశారా? కొమ్ములు మొలిచాయనుకుంటారు."

"అయ్యో, అవునండీ."

"ఈ బాబు ఏడుస్తున్నాడా?"

"తుమ్మబోతున్నాడండీ."

"తుమ్మేదాకా ఆగితే మీ సొమ్మేం పోయింది?"

అతను తలూపేవాడు. మరుసటి వారం ఆ తప్పు ఉండేది కాదు. తిట్టడానికి కొత్తది వెతుక్కోవాల్సి వచ్చేది. ఆమెకు అది మరీ చిరాకు.

ఆమె అక్కకు నాలుగేళ్ల కూతురుంది. పాపకు ఒక కంట్లో చూపు మందగించిందని డాక్టరు కళ్లజోడు రాసి, బాగున్న కంటికి కొన్ని నెలలు పట్టీ వేయమన్నాడు. రెండో కన్ను పనిచేయడం నేర్చుకోవాలట. ఆ నీలం పట్టీ వేసినప్పటి నుంచి, కెమెరా కనబడితే చాలు పిల్ల బల్ల కింద దూరుతోంది. పేరున్న రెండు స్టూడియోలవాళ్లు చేతులెత్తేశారు.

"పాప కళ్లజోడు చేసిచ్చినతన్ని ఆదివారం రమ్మన్నానే. పిల్లల ఫొటోలు తీస్తాట్ట," అంది అక్క.

"ఆయనా! కెమెరా తిరగేసి పట్టుకోకుండా చూసుకో."

ఆదివారం ఆ తమాషా చూడ్డానికే వెళ్లింది కత్తెర. వస్తూనే, తను తెచ్చుకున్న లైటు స్టాండునే తన్నుకుని తూలాడు అతను. పాప బల్ల కింద దూరింది. అతను కెమెరా పక్కన పెట్టి, నేల మీద బోర్లా పడుకున్నాడు.

"ఫొటో తీయడానికొచ్చారా, నేల తుడవడానికొచ్చారా?" అంది గుమ్మంలోంచి కత్తెర.

బల్ల కింద కిసుక్కున నవ్వు. "పిన్ని నిన్ను తిడుతోంది," అంది పాప.

"వారం వారం తిడుతుందమ్మా. అలవాటైపోయింది."

గంటసేపు అతను నేల మీంచి లేవలేదు. పాప కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. అప్పుడు అక్క పట్టీ తీయబోయింది. "ఐదు నిమిషాలేగా!"

"తీయొద్దండీ." అతని గొంతు అంత గట్టిగా ఉంటుందని కత్తెర అనుకోలేదు. "అది తీస్తేనే బాగుంటానని పాప అనుకోకూడదు."

"మహా చెప్పొచ్చారు! ఉంచండి, తర్వాత కంప్యూటరులో నేనే చెరిపేస్తాను," అంది కత్తెర.

అతను కెమెరా అందుకున్నాడు.

అతను ఇచ్చి వెళ్లిన ఫొటోలో పట్టీని సోమవారం ఆమె నిజంగానే చెరిపేసింది. పట్టీ లేని కన్నునే తిప్పి ఆ చోట అతికించి, రెప్పలు దిద్ది, ప్రింటు తీసింది. తన పనితనానికి తనే మురిసిపోతూ, అక్కతో వచ్చిన పాప చేతిలో పెట్టింది.

పాప చాలాసేపు చూసింది. "ఈ పాప ఎవరు పిన్నీ?"

"నువ్వేనే!"

"కాదు. నాకు పట్టీ ఉంది." ప్రింటు తిరిగి పిన్ని చేతిలో పెట్టేసింది. "నేను బాగోలేనా?"

కత్తెర కంప్యూటరులో అతను తీసిన అసలు ఫొటో తెరిచింది. పట్టీ పక్కన ఆ ఒంటి కన్ను, చూడడం అప్పుడే కనిపెట్టినట్టు మెరుస్తోంది. వంక పెట్టడానికి వెతికింది. దొరకలేదు. పెద్ద సైజులో ప్రింటు తీసింది.

"ఇది నేను!" అని పాప దాన్ని గుండెలకు హత్తుకుంది.

శనివారం అతను రాగానే మొదలుపెట్టింది. "ఏమనుకుంటున్నారు మీ గురించి? ఒక్క ఫొటో కుదిరితే గొప్పవాళ్లయిపోయారనా? ఆ వెలుగు కిటికీది. మీదేం లేదు. నేను చేసింది మాత్రం... శుద్ధ తప్పు."

"మీరు క్షమాపణ చెబుతున్నారా, తిడుతున్నారా?"

"నాకు రెండోదే వచ్చు. సర్దుకోండి."

అతను నవ్వాడు. "మా షాపు పక్కనే ప్రింటింగ్ ల్యాబు ఉందండీ. అయినా రెండు బస్సులు మారి ఇక్కడికే వస్తాను."

"ఎందుకు?"

"అక్కడ అన్నీ బాగున్నాయంటారు. వాళ్లు ఫొటో చూడరు. మీరు చూస్తారు." ఒక్క క్షణం తడబడ్డాడు. "మొదట్లో ఫొటోల కోసమే వచ్చేవాణ్ణి."

కత్తెర చెవులు ఎర్రబడ్డాయి. మొహం గంభీరంగా పెట్టుకోబోయి, కుదరక తల దించుకుంది.

"మనసులో మాట చెప్పడం కూడా రాదు మీకు. రేపు సాయంత్రం అక్క వాళ్లింటికి రండి," అంది. "అక్కా బావా ముందు మళ్లీ మొదట్నుంచి చెప్పండి. తప్పుంటే దిద్దుతాను."