కూపీ తేల్చేసిన కేసు

టీచర్ సంచిలోంచి మూడో వస్తువు తీసి బల్ల మీద పెట్టింది. అదొక విజిల్. అంతకుముందు తీసినవి ఒక టార్చిలైటు, మడమలు అరిగిన చెప్పుల జత.

"ఈ సంచి ఎవరిదై ఉంటుంది? ఇంగ్లీషులో చెప్పాలి. కచ్చితంగా తెలిస్తే మస్ట్. అనుమానమే అయితే మైట్. కానే కాదంటే కాంట్."

"హి మైట్ బి ఎ డ్రైవర్," అన్నాడు ముందు బెంచీ అబ్బాయి.

కూపీ అప్పటికే లేచి నిలబడింది. "హి మస్ట్ బి ఎ వాచ్‌మన్, టీచర్."

"ఎందుకని?"

"టార్చి, విజిల్ రెండూ కావాల్సింది రాత్రి కాపలా తిరిగేవాళ్లకే కదా. తిరిగి తిరిగి చెప్పులు కూడా అరిగిపోయాయి."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లకు కూపీ అని పేరు పెట్టింది వాళ్ల అమ్మమ్మ. డబ్బాలో బిస్కెట్లు తగ్గాయంటే, తిన్నదెవరో కూపీ లాగితేగానీ నిద్రపోయేది కాదట. ఆ పేరే బడిలోనూ అంటుకుంది. మైట్ అనే మాట మాత్రం ఆమె నోట ఎప్పుడూ రాలేదు. అది ఏమీ తెలియనివాళ్ల మాటని ఆమె గట్టి నమ్మకం.

ఆట అయ్యాక టీచర్ కిటికీ పక్కనున్న గుడ్ల పెట్టె దగ్గరికి వెళ్లింది. అది మామూలు అట్టపెట్టే. లోపల గడ్డి, గడ్డి మీద ఆరు కోడిగుడ్లు, ఒక మూల చిన్న నీళ్ల గిన్నె, పైన వెచ్చదనం కోసం ఒక బల్బు. ఎల్లుండికి కోడిపిల్లలు బయటికి రావాలి. దానికి కాపలా గువ్వ. కూపీ పక్కన కూర్చునే పిల్లే. గొంతు పెంచి ఒక్క మాటైనా అనదు కాబట్టి గువ్వ అంటారు. మొదటి కోడిపిల్లను చేతిలోకి తీసుకునేది కాపలావాళ్లే. అందుకే ఆ పనికి క్లాసులో అంత గిరాకీ.

టీచర్ థర్మామీటర్ చూసి నొసలు ముడిచింది. "పెట్టె చల్లబడిందే. లైటు వెలుగుతూనే ఉంది కదా?"

కూపీ చెవులు రిక్కించింది. లైటు వెలుగుతోంది. పెట్టె చల్లగా ఉంది. అంటే ఎవరో లైటు ఆర్పి, మళ్లీ వేశారన్నమాట. భోజనాల వేళ అందరూ బయటే ఉన్నారు, గువ్వ తప్ప.

ఓరకంట చూసింది. గువ్వ జడలో గడ్డిపోచ ఉంది. పొద్దున వేసుకొచ్చిన స్వెట్టర్ ఒంటి మీద లేదు. ఇంత చలిలో స్వెట్టర్ ఎందుకు తీసినట్టు? పైగా తలెత్తి చూడడం లేదు. ఏదో దాస్తోంది.

"టీచర్, గువ్వే. షి మస్ట్ హావ్ డన్ ఇట్."

అందరూ గువ్వ వైపు తిరిగారు. గువ్వ లేచింది. "నేను కాదు... బల్బు..." అని నసిగింది.

"చూశారా, బల్బు అని తనే అంటోంది," అంది కూపీ.

పిల్లలు పకపకా నవ్వారు. "ఏం జరిగిందో చెప్పమ్మా," అంది టీచర్. గువ్వ పెట్టె వైపు చూసింది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. దొంగ ఏడుపు, అనుకుంది కూపీ.

"సరే, సంగతి తేలేదాకా కాపలా నువ్వు చూడు," అని టీచర్ కూపీకి చెప్పింది. గువ్వ సంచి తీసుకుని చివరి బెంచీకి వెళ్లిపోయింది.

సాక్షి కూడా దొరికితే ఇక తిరుగుండదని, బడి వదిలాక కూపీ, ఎప్పుడూ బడి ఆవరణలోనే తిరిగే అటెండర్ మామ కోసం వెళ్లింది. ఆయన వరండాలో తాడు మీద నీలం స్వెట్టర్ ఆరేస్తున్నాడు. ఓహో, ఇద్దరూ కలిసే చేశారన్నమాట.

"అది గువ్వది కదా మామా? నీ దగ్గరెందుకుంది?"

"తడిసిపోతే ఆరేస్తున్నా. మధ్యాహ్నం మీ బల్బు మాడిపోయింది. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి చెప్పింది. నేను షాపుకి వెళ్లి కొత్తది తెచ్చేదాకా స్వెట్టర్ విప్పి గుడ్ల మీద కప్పి, చేతులు అడ్డం పెట్టి కూర్చుంది. నీళ్ల గిన్నె ఒలికింది పాపం. అన్నం కూడా తినలేదు. ఏం, మీ టీచర్‌కి చెప్పలేదా?"

కూపీకి క్లాసులో జరిగింది గుర్తొచ్చింది. గువ్వ చెప్పబోయింది. తనే చెప్పనివ్వలేదు.

గేటు దాటుతున్న గువ్వను పరిగెత్తి అందుకుంది. "బల్బు సంగతి నాతో చెప్పొచ్చు కదే."

"నువ్వు అడిగావా?" అంది గువ్వ. అంతే, ఆగకుండా వెళ్లిపోయింది.

ఆ రోజు కూపీకి అన్నం సయించలేదు. నోరు మూసుకుని ఊరుకుంటే ఎల్లుండి మొదటి కోడిపిల్ల తన చేతిలోకే వస్తుంది. అటెండర్ మామ ఈ సంగతి మరిచిపోతాడేమో కూడా. అలాంటి ఆలోచన వచ్చినందుకు కూపీకి మొదటిసారి తన మీద తనకే అనుమానం కలిగింది. సిగ్గూ వేసింది.

మర్నాడు హాజరు పిలవకముందే లేచి నిలబడింది.

"టీచర్, నిన్న నేను చెప్పింది తప్పు. గువ్వ లైటు ఆర్పలేదు. బల్బే మాడిపోయింది." స్వెట్టర్ సంగతి, అన్నం తినని సంగతి అన్నీ చెప్పింది. "నేనేమీ చూడలేదు టీచర్. చూసినట్టు చెప్పాను. కాపలా గువ్వకే ఇచ్చేయండి."

క్లాసులో ఎవరూ నవ్వలేదు. "నేనూ నిన్న ఇంకాస్త ఆగి వినాల్సింది. ఏమనుకోకు తల్లీ," అంది టీచర్ గువ్వతో. గువ్వ తల ఊపి, పెట్టె దగ్గరికి వెళ్లి గుడ్లు చూసుకుంది. తిరిగొచ్చి చివరి బెంచీలోనే కూర్చుంది. కూపీ వైపు చూడలేదు.

కూపీ తన సంచి తీసుకుని చివరి బెంచీ దాకా నడిచింది. ఖాళీ చోటులో గువ్వ సంచి పెట్టి ఉంది. కోపంతో పెట్టిందో, ఊరికే పెట్టిందో కూపీకి తెలియలేదు.

"ఇక్కడ కూర్చోవచ్చా?" అని అడిగింది.

కూపీ సంచి భుజాన వేసుకుని, జవాబు కోసం అలాగే నిలబడింది.