తెల్లకొండ జిన్ను చెప్పిన పాఠం

పూర్వం ఎడారి అంచున జర్ఖాన్ అనే నగరం ఉండేది. సుల్తానులు కట్టించిన వైద్యశాలలు, గ్రంథాలయం, గ్రహాల నడక చూసే వేధశాల దానికి దేశదేశాల్లో పేరు తెచ్చాయి. ఇద్రీస్ అనే పండితుడు అక్కడి మదరసాలో పిల్లలకు ఆ చరిత్రంతా బోధించేవాడు.

ఒక ఉదయం నగరవాసులందరూ తమ గతాన్ని మరచిపోయారు. పుస్తకాల్లో అక్షరాలు మాయమయ్యాయి. వైద్యులకు మందుల పేర్లు తోచలేదు. ఆ రోజే పొరుగూరి నుంచి తిరిగివచ్చిన ఇద్రీస్ కూతురు లుబ్నాకు మాత్రం అన్నీ గుర్తున్నాయి. తండ్రి ఆమెను గుమ్మంలోనే ఆపి, "ఎవరమ్మా మీరు? ఎవరి కోసం వచ్చారు?" అని మర్యాదగా అడిగాడు.

"అబ్బాజాన్, నేను లుబ్నాను!" అంది పదమూడేళ్ల ఆ పిల్ల. ఆయన తెల్లబోయి చూశాడు.

కోట తలుపు మీద మాత్రం కొత్తగా నల్లటి అక్షరాలు కనిపించాయి: "నన్ను మరిచారు. మీ గతం తెల్లకొండ మీద నా దగ్గరుంది." వాటిని చదవగలిగింది లుబ్నా ఒక్కతే. ఆమె తిత్తినిండా నీళ్లు నింపుకుని బయలుదేరింది.

సూర్యుణ్ణి గురుతు పెట్టుకుని ఎనిమిది రోజులు నడిచింది. పలకరించే ప్రాణి లేదు. తానూ ఎక్కడ మరచిపోతానోనని, తండ్రి చెప్పిన పాఠాలు ఇసుకదిబ్బలకు అప్పజెప్పేది. దిబ్బలు ఊఁ కొట్టేవి కావు.

తొమ్మిదో రోజు నీళ్లు అయిపోయాయి. దారిలోని బావిలోంచి ఒక భూతం తల ఎత్తి, "నీళ్లు కావాలా? నీకు ప్రాణమైన జ్ఞాపకం ఒకటి ఇవ్వు" అంది.

తండ్రి పాఠాలు ఇస్తే నగరం దక్కదు. లుబ్నా కళ్లు మూసుకుని, చనిపోయిన తల్లి పాడిన జోలపాట ఇచ్చేసింది. దాహం తీరింది. తర్వాత ఏం పోగొట్టుకుందో తెలియకనే చాలాసేపు ఏడ్చింది.

తెల్లకొండ మీద శమ్‌హార్ అనే జిన్ను ఒంటరిగా కూర్చుని ఉన్నాడు.

"ఆ వేధశాలకు రాళ్లు మోసింది నేను. సుల్తాను పేరు చెక్కారు, పండితుల పేర్లు చెక్కారు. నాలుగు వందల ఏళ్లలో నన్ను తలచినవాడు ఒక్కడూ లేడు!" అని గర్జించాడు.

"మా అబ్బాజాన్‌కు నీ సంగతి తెలియదు. తెలిస్తే చెప్పేవారే. నువ్వు చెప్పు, నేను రాసుకుంటాను. పిల్లలకు పాఠం చెబుతాను."

"మనుషులు మాట ఇస్తారు, మరిచిపోతారు."

"మరిస్తే మళ్లీ వచ్చి అంతా పట్టుకుపో."

జిన్ను ఒప్పుకున్నాడు. తర్వాత నలభై రోజులు అతడు చెప్పాడు, ఆమె రాసింది. చివరి మాట రాయగానే అతడు పిడికిలి విప్పాడు. అక్షరాలు తేనెటీగల్లా నగరం వైపు ఎగిరిపోయాయి. జిన్ను ఆమెను అరచేతిలో ఎత్తుకుని కోట ముందు దించి వెళ్లిపోయాడు.

"లుబ్నా! నా తల్లీ!" అంటూ ఇద్రీస్ చెప్పులైనా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చాడు.

సుల్తాను సంతోషించి ఆమెకు ఒక బడి కట్టించాడు. మొదటి రోజు లుబ్నా శమ్‌హార్ కథ చెప్పి ముగించగానే, ఒక చిన్నపిల్ల లేచి, "మరి ఆయన ఇప్పటికీ ఒక్కడే ఉన్నాడా?" అని అడిగింది.

ఆ వసంతంలోనే బడిపిల్లలంతా పెద్దలతో కలిసి ఒంటెలెక్కి తెల్లకొండకు వెళ్లారు. అప్పటినుంచి ఏటా చరిత్రలో ఒక పాఠం జిన్నే చెప్పేవాడు. పిల్లలు అడ్డుపడి ప్రశ్నలు వేస్తుంటే, కొండ కదిలేలా నవ్వేవాడు.